పాకిస్తానీ వంట మన పొయ్యి మీద: కడాయి, చప్లీ కబాబ్, నిహారీ

పాకిస్తాన్‌లోని పెషావర్‌లో మూకుట్లో వండే మాంసం కూర, కడాయి, చేద్దామని నిర్ణయించుకుని, అలవాటు కొద్దీ అల్లం వెల్లుల్లి ముద్ద, ధనియాల పొడి, గరం మసాలా, ఉల్లిపాయలు అన్నీ తీసి గట్టు మీద పెట్టుకున్నారా? ముందు వాటిని మళ్ళీ లోపల పెట్టేయండి. పోపుల పెట్టె కూడా. ఈ వంటలో ఏం వేయాలన్న దానికంటే ఏం వేయకుండా ఆగాలన్నదే మన చేతికి కష్టం.

పాకిస్తానీ కూర అంటే మసాలా దట్టించి, పైన వేలెడు నూనె తేలే ఎర్రటి కూర అని మనలో చాలామంది అనుకుంటారు. ప్యాకెట్ మసాలాలు, విదేశాల్లో ఒకే గ్రేవీతో పది కూరలు తిప్పే రెస్టారెంట్లు కలిసి తెచ్చిన అభిప్రాయం అది. పెషావర్ చుట్టుపక్కల పష్తూన్ల (పఠాన్ల) వంటలో ఉప్పు, కొవ్వు, మాంసమే ప్రధానం. కరాచీ, లాహోర్‌లకు వస్తే మసాలా ఉంటుంది, కానీ ఏ వంట మసాలా దానిదే. గంటల తరబడి ఉడికించే మాంసం కూర నిహారీ. దాని పొడిని కోర్మాలో వేస్తే అక్కడి వాళ్ళు నవ్వుతారు. అందుకే తక్కువ దినుసుల వంటతో మొదలుపెట్టి ఎక్కువ దినుసుల వంటకు వెళ్దాం. ఆ క్రమంలో చేస్తే చేతికి అదుపు వస్తుంది.

మాంసం కొనేటప్పుడు

అక్కడ నిహారీకి, చప్లీ కబాబ్‌కి ఎక్కువగా పశుమాంసం వాడతారు. కడాయికి దుంబా, అంటే తోక దగ్గర కొవ్వు గడ్డకట్టి ఉండే గొర్రె, లేదా మేక. పెద్దకూర తినే ఇళ్ళలో నిహారీని ఉన్నదున్నట్టు చేసుకోవచ్చు. తినని వాళ్ళు పొట్టేలు మాంసం తీసుకోండి. మేకకంటే పొట్టేలే ఈ మూడింటికీ మేలు, ఎందుకంటే ఇక్కడ రుచంతా కొవ్వుదే.

దుకాణంలో మూడు మాటలు చెప్పాలి. కడాయికైతే "లేతది, చిన్న ముక్కలు, కొవ్వు తీయొద్దు" అనండి, పైగా ఇంకో 100 గ్రాముల కొవ్వు విడిగా అడగండి. చాలాచోట్ల దాన్ని తీసి పక్కన పడేస్తారు కాబట్టి ఊరికే ఇచ్చినా ఇస్తారు. నిహారీకి కాలి పిక్క మాంసం పెద్ద పెద్ద ముక్కలుగా, దానితోపాటు మూలుగ బొక్కలు. కబాబ్‌కి ముతక ఖీమా. రెండుసార్లు మిషన్‌లో వేసిన మెత్తటి ఖీమా వద్దు, అది కబాబ్‌ను రబ్బరులా చేస్తుంది.

షిన్వారీ కడాయి: ఆరు దినుసులే

ఖైబర్ కనుమ దారిలో ఉన్న లండీ కోతల్ ప్రాంతపు షిన్వారీ తెగ పేరు మీద వచ్చిన వంట ఇది. పెషావర్ పాత నగరంలో నమక్ మండీ అనే బజారు దీనికి పేరుపడింది. అక్కడ ప్లేటు లెక్కన అమ్మరు, కిలోల్లో అమ్ముతారు. వేలాడదీసిన మాంసంలోంచి మీరు చూపించిన చోట కోసి, తూచి, మీ ముందే వండుతారు.

కిలో మాంసానికి 100 నుంచి 150 గ్రాముల కొవ్వు, అరకిలోకి కొంచెం తక్కువగా ఎర్రగా పండిన టమాటాలు, ఏడెనిమిది పచ్చిమిరపకాయలు, ఒకటిన్నర టీస్పూను ఉప్పు, ఒక టీస్పూను కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు. అంతే. కారప్పొడి లేదు, పసుపు లేదు, ఉల్లిపాయ లేదు. కొన్నిచోట్ల కాస్త అల్లం, వెల్లుల్లి వేస్తారు. మొదటిసారి అవి కూడా లేకుండా చేసి చూడమనే నా సలహా.

ఇనప మూకుడు పొయ్యి మీద పెట్టి, కొవ్వును చిన్న ముక్కలుగా తరిగి వేయండి. సన్న సెగ మీద అది కరిగి నూనె అవుతుంది. మిగిలిన కరకరలాడే ముక్కలు తీసేయొచ్చు, ఉంచేయొచ్చు. కొవ్వు చాలకపోతే రెండు చెంచాల నూనె కలపండి. ఇప్పుడు సెగ పెంచి మాంసం, ఉప్పు వేసి పది నిమిషాలు తిప్పుతూ వేయించండి. మాంసం వదిలిన నీరంతా ఇగిరిపోయి, ముక్కల అంచులు గోధుమరంగుకు తిరగాలి. ఇక్కడ తొందరపడితే చివర్లో కూర ఉడకబెట్టిన మాంసంలా చప్పగా ఉంటుంది. మసాలా ఏదీ లేదు కాబట్టి దాన్ని కప్పిపుచ్చే మార్గమూ లేదు.

తర్వాత ఒక గ్లాసు నీళ్ళు పోసి, మూత పెట్టి, సన్న సెగ మీద వదిలేయండి. లేత మాంసమైతే నలభై నిమిషాల్లో మెత్తబడుతుంది. మన దుకాణాల్లో దొరికేది ముదురైతే గంట దాటొచ్చు. కుక్కరే శరణ్యం అనుకుంటే, వేయించిన తర్వాత అరగ్లాసు నీళ్ళతో మూడు నాలుగు విజిల్స్ రానిచ్చి మళ్ళీ మూకుట్లోకి మార్చండి.

టమాటాలను తరగకండి. అడ్డంగా రెండుగా కోసి, కోసిన వైపు కిందికి ఉండేలా మాంసం మీద బోర్లించి మూత పెట్టండి. ఐదారు నిమిషాలకు తొక్కలు ముడుచుకుని పైకి లేస్తాయి. పట్టకారుతో లాగితే సులువుగా వచ్చేస్తాయి. తొక్కలు పారేసి, టమాటాలను గరిటెతో మెదిపి, మంట పూర్తిగా పెంచండి. ఇకమీదట పొయ్యి దగ్గర్నుంచి కదలకూడదు. పులుసు చిక్కబడి, కొవ్వు అంచులకు చేరేదాకా తిప్పుతూ ఉండాలి, పది నిమిషాల పని. పచ్చిమిర్చి నిలువుగా చీల్చి వేసి, మిరియాలు చల్లి, రెండు నిమిషాల్లో దించేయండి.

మూకుట్లోనే వడ్డిస్తే చూడ్డానికి బాగుంటుంది కానీ, మిగిలింది అందులోనే ఉంచొద్దు. టమాటా పులుపుకి ఇనుము నల్లరంగు దిగి, కూర చేదెక్కుతుంది.

దీనికి తోడు నాన్ లేదా తందూరీ రొట్టె, పచ్చి ఉల్లిపాయ చక్రాలు, పెరుగు. అన్నంలోకి ఇది పనికిరాదు, కలపడానికి పులుసే ఉండదు.

చప్లీ కబాబ్

పెషావర్, మర్దాన్ వైపు రోడ్డు పక్కన పెద్ద పళ్ళెం లాంటి పెనాల్లో, పశువు కొవ్వులో వేగే అరచేతి వెడల్పు కబాబ్ ఇది. చార్మినార్ దగ్గర తినే షామీ కబాబ్‌లా నున్నగా ఉండదు. అంచులు చిరిగి, పైన ధనియాలు, టమాటా ముక్క కనబడుతూ మొరటుగా ఉంటుంది, అలాగే ఉండాలి.

దీన్ని ఇంట్లో చేసేవాళ్ళు రెండు దినుసుల దగ్గర తడబడతారు. ఒకటి మొక్కజొన్న పిండి. కిరాణా కొట్లో కార్న్‌ఫ్లోర్ అంటే మంచూరియాలో వేసే తెల్లటి మెత్తటి పొడి ఇస్తారు. అది కాదు. మక్కీ రొట్టెలకు వాడే పసుపుపచ్చటి, కాస్త గరుకు పిండి కావాలి. దొరక్కపోతే ఎండు మొక్కజొన్నలను గిర్నీలో పట్టించుకోండి. రెండోది అనార్‌దానా, అంటే ఎండబెట్టిన పుల్ల దానిమ్మ గింజలు. ఉత్తరాది సరుకులు అమ్మే దుకాణాల్లో దొరుకుతుంది. లేకపోతే ఒక టీస్పూను ఆమ్‌చూర్ వేయండి. పులుపు వస్తుంది కానీ పంటికింద తగిలే ఆ గింజ రాదు. చింతపండు జోలికి మాత్రం పోవద్దు, ముద్ద జారిపోతుంది.

అరకిలో ఖీమాలో ఐదో వంతైనా కొవ్వు ఉండాలి. అందులోకి సన్నగా తరిగిన ఒక పెద్ద ఉల్లిపాయ (ఉప్పు రాసి, గుడ్డలో కట్టి, నీళ్ళు గట్టిగా పిండేయాలి), గింజలు తీసి తరిగిన ఒక టమాటా, మూడు పచ్చిమిరపకాయలు, గుప్పెడు కొత్తిమీర. ఒక టేబుల్‌స్పూను ధనియాలు, ఒక టీస్పూను జీలకర్ర దోరగా వేయించి రోట్లో రెండు పోట్లు వేయండి. పొడి కాకూడదు, ధనియం రెండు చెక్కలైతే చాలు. ఒక టేబుల్‌స్పూను అనార్‌దానా దంచి, ఒక టీస్పూను మిరప తునకలు, ఒక టీస్పూను ఉప్పు, నాలుగు టేబుల్‌స్పూన్ల మొక్కజొన్న పిండి, ఒక గుడ్డు కలపండి. గరం మసాలా వద్దు. వేయాలని చెయ్యి లాగుతుంది, తెలుసు.

రెండు మూడు నిమిషాలు గట్టిగా పిసికి, అరగంట ఫ్రిజ్‌లో ఉంచండి. తడి చేత్తో నిమ్మకాయకు రెండింతల ముద్ద తీసుకుని, అరచేతిలో పల్చగా ఒత్తండి. వేగేటప్పుడు ముడుచుకుంటుంది కాబట్టి మీకు కావలసిన దానికంటే పెద్దదే చేయండి. పైన ఒక టమాటా చక్రం అతికించి, పెనం మీద అర అంగుళం లోతు కొవ్వులోనో నూనెలోనో మధ్యస్థమైన సెగ మీద ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలు వేయించండి. వేసిన వెంటనే కదిపితే విడిపోతుంది, కింది వైపు పట్టు పట్టేదాకా ఆగండి. మొదట ఒక్క చిన్న ముద్ద వేయించి ఉప్పు చూసుకుంటే మిగతావి పాడవ్వవు. ఆ ఒక్కటీ విడిపోతుంటే ఇంకో చెంచా పిండి కలపండి.

వేడివేడిగా నాన్, ఉల్లిపాయ, పుదీనా పెరుగు పచ్చడితో తినాలి. ఆపైన పాలు లేని ఏలకుల గ్రీన్ టీ తాగుతారు, కహ్వా అంటారు. కొవ్వు తిన్న నోటికి అది హాయి.

నిహారీ: ఓపిక ఉన్న రోజున

నిహారీ పుట్టిల్లు పాత ఢిల్లీ అని కొందరు, లక్నో అని కొందరు వాదిస్తారు. ఇప్పుడు దాని రాజ్యం మాత్రం కరాచీ, లాహోర్‌లలో ఉంది. 1947 విభజన తర్వాత ఢిల్లీ నుంచి కరాచీ చేరిన కుటుంబాలు ఈ వంటను వెంట తీసుకెళ్ళాయి. కరాచీ బర్న్స్ రోడ్ ఇవాళ్టికీ దీనికి చిరునామా. ఢిల్లీ పాత దుకాణాల్లో నిన్నటి గుండిగలోంచి కొంత తీసి ఇవాళ్టి దాంట్లో కలిపే పద్ధతి ఉంది.

హైదరాబాదు పాతబస్తీలో తెల్లవారుజామున నహారీ తిన్నవాళ్ళు ఒక విషయం గుర్తుంచుకోవాలి. మనది పాయా, నాలుకతో చేసే పల్చటి పులుసు. గుడ్డమూటలో కట్టి వేసే పోట్లీ మసాలా వాసనతో, చార్‌కోనీ నాన్ ముంచుకు తినేది. కరాచీది గోధుమపిండితో చిక్కబరిచిన కూర. సోంపు, శొంఠి వాసన ముందుకొస్తుంది. రెండూ బంధువులే కానీ ఒకటి చేయబోయి ఇంకోటి ఆశించకండి.

కిలో పిక్క మాంసం, నాలుగైదు మూలుగ బొక్కలకు మసాలా ఇది: సోంపు ఒకటిన్నర టేబుల్‌స్పూను, షాజీరా ఒక టీస్పూను, మిరియాలు ఒక టీస్పూను, లవంగాలు ఆరు, పచ్చ యాలకులు ఆరు, నల్ల యాలకులు రెండు, పిప్పళ్ళు మూడు, అంగుళం దాల్చినచెక్క, ఒక జాపత్రి, పావు జాజికాయ, ఒక బిర్యానీ ఆకు. వేయించకుండానే మెత్తగా పొడి చేసి, ఒకటిన్నర టీస్పూను శొంఠిపొడి కలపండి. పిప్పళ్ళు ఆయుర్వేద మూలికల దుకాణంలో దొరుకుతాయి, మానేయకండి. గొంతులో నెమ్మదిగా దిగే ఆ ఘాటు మిరియాలతో రాదు. విదేశాల్లో ఉన్నవాళ్ళకు కరాచీ కంపెనీ షాన్ వాళ్ళ నిహారీ ప్యాకెట్ ఏ దేశీ స్టోర్‌లోనైనా దొరుకుతుంది. బాగానే ఉంటుంది కానీ అందులో ఉప్పు కలిసే ఉంటుంది, విడిగా వేసేటప్పుడు చూసుకోండి. పాకిస్తాన్ సరుకుల దిగుమతిని భారత ప్రభుత్వం 2025 మేలో పూర్తిగా నిషేధించింది కాబట్టి ఇక్కడ ఉన్నవాళ్ళకు రోలో, మిక్సీయో తప్పదు.

1. మందపాటి గిన్నెలో 150 మిల్లీలీటర్ల నూనె లేదా నెయ్యి కాచి, ఒక పెద్ద ఉల్లిపాయ చీలికలను ఎర్రగా వేయించి తీసి పక్కన పెట్టండి. ఇవి చివర్లో పైన చల్లడానికి.

2. అదే నూనెలో ఒకటిన్నర టేబుల్‌స్పూను అల్లం వెల్లుల్లి ముద్ద, వెంటనే మాంసం వేసి రంగు మారేదాకా వేయించండి. టేబుల్‌స్పూను కశ్మీరీ కారం, టేబుల్‌స్పూను ధనియాల పొడి, అర టీస్పూను పసుపు, రెండు టీస్పూన్ల ఉప్పు, పైన చేసిన మసాలాలో మూడొంతులు వేయండి. గుంటూరు కారం వేస్తే సోంపు వాసన చచ్చిపోతుంది. టమాటా వద్దు.

3. రెండు లీటర్ల వేడినీళ్ళు పోసి, మూలుగ బొక్కలు వేసి, పొంగు రాగానే సెగ కనిష్ఠానికి తగ్గించి మూత పెట్టండి. పొట్టేలు మాంసానికి మూడు నాలుగు గంటలు, పెద్దకూరకు ఐదారు గంటలు. మాంసం చెంచాతో తాకితే విడిపోవాలి, కానీ పీచుపీచుగా పులుసులో కలిసిపోకూడదు. కుక్కర్లో అయితే పొట్టేలుకు అరగంట, పెద్దకూరకు ముప్పావు గంట, ఆ తర్వాత మూత తీసి ఇంకో అరగంట సన్న సెగ మీద.

4. పైన తేలిన ఎర్రటి నూనెను గరిటెతో తీసి ఒక గిన్నెలో దాచండి. దీన్ని తరీ అంటారు. ఇది పిండి వేయకముందే చేయాలి. పిండి పడ్డాక నూనె అందులో కలిసిపోతుంది, మళ్ళీ తేలదు, కూర రంగు వెలిసిపోతుంది. నిహారీ ఇంట్లో సరిగ్గా రాలేదనే వాళ్ళలో సగం మంది వదిలేసే మెట్టు ఇదే.

5. ఆరు టేబుల్‌స్పూన్ల గోధుమపిండిని ఖాళీ పెనం మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, చల్లారాక, ఒకటిన్నర గ్లాసు చల్లటి నీళ్ళలో ఉండలు లేకుండా కలపండి. మాంసం ముక్కలు జాగ్రత్తగా పక్కకు తీసి, పులుసు తిప్పుతూ పిండినీళ్ళు సన్నటి ధారగా పోయండి. ముక్కలు మళ్ళీ వేసి, మిగిలిన మసాలా చల్లి, ఇరవై ఐదు నిమిషాలు సన్న సెగ మీద ఉడకనివ్వండి. అడుగంటకుండా మధ్యమధ్య గిన్నె అడుగు గీరుతూ ఉండాలి. పచ్చి పిండి వాసన పోయి, పులుసు గరిటె వెనక పల్చటి పూతలా నిలిస్తే అయినట్టే. చల్లారితే ఇంకా చిక్కబడుతుంది, కాబట్టి కొంచెం పల్చగా ఉన్నప్పుడే ఆపండి.

6. బొక్కల్లోని మూలుగను పులుసులోకి దులిపి, వడ్డించేటప్పుడు దాచిన తరీని పైన పోయండి. సన్నగా పుల్లల్లా తరిగిన అల్లం, పచ్చిమిర్చి, కొత్తిమీర, వేయించిన ఉల్లిపాయ, నిమ్మచెక్క పళ్ళెంలో విడిగా పెట్టండి. ఎవరికి కావలసింది వాళ్ళు వేసుకుంటారు. అల్లం, నిమ్మరసం లేకుండా మాత్రం తినకండి, ఆ కొవ్వుకు అవే విరుగుడు.

రొట్టె మందంగా, కాస్త పులిసినదై ఉండాలి, ఖమీరీ రొట్టె అంటారు. దగ్గర్లో తందూరు ఉంటే అక్కడే కొనుక్కోండి. పుల్కాలు ఈ పులుసు బరువు మోయలేవు. అన్నంలో కలుపుకుంటే ఏమవుతుందని అడుగుతారు మనవాళ్ళు. ఏమీ కాదు, మిగిలినదాన్ని మర్నాడు అలా తినేయొచ్చు.

రాత్రంతా పొయ్యి మీద పెట్టి పొద్దున తినడం దుకాణాల పద్ధతి. వాళ్ళ గుండిగ కింద నిప్పు ఆరదు. మీరు రాత్రి వండి పొయ్యి ఆపేస్తే గిన్నెను అలా గట్టు మీద వదిలేయొద్దు, మన ఎండలకు తెల్లారేసరికి పాడవుతుంది. చిన్న గిన్నెల్లోకి సర్ది, వేడి తగ్గగానే ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున పొంగు వచ్చేదాకా కాచండి. రుచి నిజంగానే పెరుగుతుంది.

బయట తినాల్సినవి

కొన్ని ఇంట్లో చేయడానికి దండగ. బలూచ్‌ల సజ్జీ అందులో మొదటిది: ఉప్పు పట్టించిన గొర్రె తొడను కర్రకు గుచ్చి, నిప్పు చుట్టూ నిలబెట్టి గంటల తరబడి కాలుస్తారు. కరాచీ వచ్చేసరికి అది కోడి అయింది, పొట్టలో అన్నం కూడా చేరింది. చినియోట్ కున్నా మరొకటి. మట్టికుండలో మటన్ పెట్టి, మూతకు పిండి అతికించి సన్న సెగ మీద మగ్గిస్తారు. ఉత్తరాన కొండల్లో హుంజా వైపు దొరికే చప్షూరో, మాంసం కూరిన రొట్టె. కరాచీ బన్ కబాబ్ వీధి తిండి, పప్పు కలిపిన టిక్కీని గుడ్డు నురగలో ముంచి వేయించి బన్నులో పెడతారు.

దుబాయ్‌లో ఉన్నవాళ్ళు సత్వాలోని రావీ రెస్టారెంట్‌కు వెళ్ళొచ్చు, 1978 నుంచి నడుస్తోంది. షికాగోలో అయితే డెవాన్ అవెన్యూ అనే వీధి. కడాయి అడిగితే అరకిలోనా కిలోనా అంటారు, నలభై నిమిషాలు పడుతుందని కూడా చెబుతారు. పది నిమిషాల్లో వచ్చిందంటే అది ముందే వండి పెట్టిన గ్రేవీ, ఇంకోసారి అక్కడ అడగకండి. నిహారీ ఉన్న రోజుల్లో ఉదయం పూటే వెళ్ళండి. సాయంత్రానికి గుండిగ అడుగు మిగులుతుంది, చిక్కగా, ఉప్పగా.

మాంసం తినని వాళ్ళకు లాహోర్ ఆదివారం ఉపాహారం హల్వా పూరీ ఉంది. మైదా పూరీలు, శనగల కూర, నారింజరంగు రవ్వ హల్వా, మూడూ ఒకే పళ్ళెంలో. పూరీ ముక్కతో ఒక్కోసారి కూర, ఒక్కోసారి హల్వా తీసుకుని తింటారు. తీపి, కారం ఒకే పూటలో పొసగవనుకునే వాళ్ళు కూడా రెండో పూరీకి మాట మారుస్తారు.

ఇక సింధీ బిర్యానీ. హైదరాబాదీ బిర్యానీ తిని పెరిగిన మనకు, అందులో బంగాళాదుంప చూడగానే కోపం వస్తుంది. కాస్త ఓర్చుకోండి. టమాటా, పెరుగు, బోలెడు పచ్చిమిర్చితో పుల్లగా, కారంగా ఉండే ఆ మసాలాను దుంప పీల్చుకుని మాంసం ముక్కకంటే బాగుంటుంది. మధ్యలో నల్లగా కనబడేవి ఆలూ బుఖారా, అంటే దుంప కాదు, ఎండబెట్టిన ప్లమ్ పళ్ళు. వాటిలో గింజ ఉంటుంది, పిల్లలకు పెట్టేముందు తీసేయండి.